కర్రాయన, ఓడ తప్పిన జంట

పోయిన వారం మా మనవరాలి ఇంట్లో టీవీలో ఒక ఇంగ్లీషు సినిమా వచ్చింది. ఒక తెల్లాయన, ఒక తెల్లామె తమది కాని దేశంలో చిక్కుకుపోతారు. వాళ్ల మాట అక్కడివాళ్లకు రాదు, అక్కడివాళ్ల మాట వీళ్లకు రాదు. ఎవడో వెంటపడుతుంటాడు. ఆ తెల్లాయన మంచివాడో కాదో ఆమెకే తేలదు. ఇంటిల్లిపాదీ కళ్లప్పగించి చూస్తున్నారు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కావడం లేదని నాకు తెలుసు. నేను మాత్రం టీవీ పక్కన ఖాళీగా ఉన్న గోడను చూస్తూ కూర్చున్నాను.

"ఏంది తాతా, బొమ్మ ఆడుంటే గోడను చూస్తన్నావు?" అన్నది మనవరాలు.

"ఈడ ఒక మనిషి నిలబడుండాలమ్మా."

"ఎవరా మనిషి?"

చెప్పలేకపోయాను. పేరు తెలిస్తే కదా చెప్పడానికి. ఆయన పేరు మార్కాపురంలో ఎవరికీ తెలియదు. చేతిలో పొడుగాటి వెదురు కర్ర ఉండేది కాబట్టి కర్రాయన అన్నాం. అంతే.

సినిమా బొమ్మలకు ఇంకా మాటలు రాని కాలం అది. మా తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. గుంటూరు వైపు నుంచి రైల్లో ఒక డేరా కంపెనీ దిగింది. ఊరికీ మా పల్లెకూ నడుమ ఉన్న బీడులో డేరా వేశారు. లోపల ఇసుక పోసి, ఎదురుగా తెల్లగుడ్డ కట్టారు. గుడ్డకు ఎడమవైపు హార్మోనియం పెట్టుకుని ఒకామె కూర్చునేది. కుడివైపు కర్రాయన నిలబడేవాడు. బొమ్మలో ఎవరు ఏమంటున్నారో, ఎందుకు ఏడుస్తున్నారో తెలుగులో చెప్పడం ఆయన పని. మొదలుపెట్టే ముందు కర్రతో నేలను తట్టి, ప్రతి ఆటకూ ఒకటే మాట అనేవాడు.

"తెరను చూడండి. నన్ను చూడకండి."

అట్లా అంటే ఎవరు చూడకుండా ఉంటారు? మా వాళ్లంతా ఆయన్నే చూసేవాళ్లు. "ఏం దాచిపెట్టినాడని చూడొద్దంటాడు?" అని మా అమ్మకు మొదటి రోజే అనుమానం తగులుకుంది.

అనుమానానికి తగ్గట్టే ఉండేవాడు మనిషి. మా ఎండలకు పలకల గనిలో రాయి కూడా చిట్లుతుంది. ఆ ఎండలో ఆయన గొంతుదాకా గుండీలు పెట్టుకుని తిరిగేవాడు. చెంబుతో నీళ్లిస్తే ముందు వాసన చూసేవాడు, తర్వాత ఇచ్చినవాళ్ల మొహం చూసేవాడు, ఆ తర్వాత తాగేవాడు. ఎక్కడ కూర్చున్నా వీపు గోడకు ఆనాలి, మొహం దారివైపు ఉండాలి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగి, "అదేం చప్పుడు?" అనేవాడు. ఏముంటుంది, మేకపిల్ల అరుపు, కాకపోతే ఎవరో పలకలు దొంతి పెడుతున్న చప్పుడు. ఏ ఊరని అడిగితే అడిగినవాణ్ని బట్టి ఊరు మారేది. మా గని మేస్త్రీకి రాజమండ్రి అని చెప్పాడు. సోడా దుకాణం సాయిబుకు రంగూను అని చెప్పాడు. నేను అడిగితే, "రైల్లో పుట్టానబ్బాయ్. ఏ స్టేషనో మా అమ్మ చూసుకోలేదు," అన్నాడు. నవ్వకుండా అన్నాడు. నవ్వి ఉంటే నమ్మేవాణ్ని.

హార్మోనియం ఆమె మరీ వింత. తలమీద కొంగు తీసేది కాదు, నోరు తెరిచేది కాదు. మూగదని ఊరంతా అనుకున్నారు. ఆయన ఆమెతో, "మీరు అన్నం తిన్నారా? మీరు ఈ ఎండలో కూర్చోకండి," అనేవాడు. మా అమ్మ అది విని వచ్చి నాయనతో గుసగుసలాడింది.

"పెండ్లాన్ని మీరు అంటన్నాడు."

"అంటే?"

"అంటే పెండ్లాం కాదు."

"నేను ఏమే అంటే నువ్వు పెండ్లామైతివి, ఆయన మీరంటే ఆమె కాకపాయెనా?"

"నువ్వు ఒక్కసారి మీరను, చూద్దాం."

నాయన అనలేదు.

ఆ ఎండాకాలం ఎక్కువగా ఆడింది ఒక దొరల బొమ్మ. దాని ఇంగ్లీషు పేరు నాకు తెలియదు. కర్రాయన మాత్రం 'ఓడ తప్పిన జంట' అని చెప్పాడు. ఒకడు ఇంకొకడి భార్యను ప్రేమిస్తాడు. ఇద్దరూ ఓడెక్కి పారిపోతారు. ఏదో రేవులో ఓడ ఆగితే దిగుతారు. తిరిగివచ్చేసరికి ఓడ వెళ్లిపోయి ఉంటుంది. ఆ దేశంలో తెలిసినవాళ్లు లేరు, అక్కడి మాట రాదు. ఇంతలో ఆమె భర్త వెతుక్కుంటూ అక్కడికే వస్తాడు. మర్నాడు రేవులో అతని శవం తేలుతుంది. ఎవరు చంపారు? ప్రేమించినవాడా, ఆమేనా, రేవు దొంగలా? ఒకరినొకరు అనుమానించుకుంటూ, ఒకరినొకరు విడవలేక, ఆ ఇద్దరూ తెలియని సందుల్లో పరుగెత్తుతుంటారు. చివరి ఫిల్ము చుట్ట కంపెనీ దగ్గర లేదు. బొమ్మ అక్కడ తెగిపోయి తెర తెల్లబడిపోయేది. మిగతాది కర్రాయన నోటితో ముగించేవాడు, రోజుకొక రకంగా. ఒకనాడు తనే చంపానని ఏడ్చేవాడు. ఇంకొకనాడు ఆమె చంపిందని తెలిసి ఆ నేరం తన నెత్తిన వేసుకునేవాడు.

'తనే' అంటున్నాను చూడండి, చిక్కు అక్కడే వచ్చింది. ఆ ప్రేమికుడి కథను ఎవరో పరాయివాడి కథలాగా చెప్పేవాడు కాదు కర్రాయన. తనే ఆ మనిషైపోయేవాడు. "ఇంకొకరి భార్యను తీసుకుని దేశం కాని దేశం వచ్చాను. ఈ చేతులు చూడండి. ఈ చేతులకు ఏ పాపం అంటిందో దేవుడికి తెలుసు," అంటూ కర్ర కింద పడేసి, రెండు చేతులూ జనానికి చూపించేవాడు.

ఊరివాళ్లకు అది ఆట. మా పల్లెవాళ్లకు కాదు. ఎందుకు కాదో చెబుతాను, నవ్వేవాళ్లు నవ్వుకోండి. మేము క్రీస్తును నమ్ముకున్న కుటుంబాలం. గనిలో, చేలల్లో కూలి చేసుకునేవాళ్లం. మా గుడిలో ఆదివారం సాక్ష్యం చెప్పడం ఆచారం. ఎవరో ఒకరు లేచి సంఘం ముందర నిలబడి, "నేను తాగినాను, నేను ఆలిని కొట్టినాను, నేను ఫలానావాడి చేలో దొంగిలించినాను, దేవుడు నన్ను మార్చినాడు," అని చెబుతారు. వినేవాళ్ల కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. సాక్ష్యంలో అబద్ధమాడేవాడు ఉండడని మా నమ్మకం. వీధినాటకాలు తెలియవా అంటే, తెలుసు. మొహానికి రంగు, నెత్తిన కిరీటం పెట్టుకున్నవాడు నేను రాజునంటే అది వేషమని ఎవరికైనా తెలుసు. కర్రాయనకు రంగు లేదు, కిరీటం లేదు. గుండీల చొక్కా తొడుక్కుని, ఉత్త మొహంతో, జనం ముందర చేతులు చాపి పాపం చేశానంటే మా వాళ్లకు అది ఇంకేమవుతుంది?

మా నాయన సంఘం పెద్ద. చదువు లేదు. అబద్ధమాడడని ఊళ్లో కూడా పేరు. గనిలో తగాదా వస్తే, "ఆయన్ను పిలవండ్రా, ఏం జరిగిందో చెప్తాడు," అనేవాళ్లు. అట్లాంటి మనిషి డేరాలో ముందు వరసలో కూర్చుని, కర్రాయన చేతులు చాపినప్పుడల్లా కళ్లు మూసుకుని పెదాలు కదిలించేవాడు. ఆ మనిషికోసం ప్రార్థన చేస్తున్నాడని నాకు కొంత ఆలస్యంగా అర్థమైంది.

నేను అప్పటికి గనిలో రాతి పొరలు చీల్చే పనివాణ్ని. పగిలిన పలకముక్కల మీద అక్షరాలు దిద్దుకుని, దుకాణాల్లో పొట్లాలు కట్టిన కాగితాలు చదివి నేర్చుకున్నవాణ్ని. అన్నీ తెలుసుననుకునే వయసు.

"నాయనా, అది బొమ్మ," అన్నాను ఒకరోజు.

"బొమ్మ బట్ట మీద ఉండాది. నేను మనిషిని చూస్తన్నా."

"ఆయన చెప్పేది కత."

"కతయితే దినానికొక రకంగా ఎందుకు చెప్తాడు? తప్పు చేసినోడే మాట మారుస్తాడు."

నా లోపల కూడా ఒక పురుగు తొలుస్తూనే ఉండేది.

వానలు మొదలయ్యే ముందు కంపెనీ యజమాని కొత్త బొమ్మ తెస్తానని, యంత్రమూ చుట్టలూ వేసుకుని నంద్యాల బండెక్కాడు. మళ్లీ రాలేదు. డేరా గుడ్డ, హార్మోనియం, ఆ ఇద్దరూ మిగిలారు. ఓడ తప్పినవాళ్లు ఇప్పుడు మా పల్లెలో ఉన్నారన్నమాట. తామెవరో మాకు చెప్పరు, మా జొన్నసంగటి వాళ్లకు మింగుడుపడదు. మేస్త్రీ పలకల కొట్టం ఒకటి ఖాళీ చేసి ఇచ్చాడు. మా అమ్మకు అనుమానం అనుమానమే, సంగటి సంగటే. రెండూ రోజూ మోసుకుపోయేది.

ఒక మధ్యాహ్నం ఆ కొట్టంలో కర్రాయనను నేరుగా అడిగాను.

"అయ్యా, చంపింది ఎవరు?"

ఆయన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా వెనక తలుపువైపు చూశాడు. "ఎవరిని?"

"బొమ్మలో."

ఊపిరి వదిలాడు. "ఆఖరి చుట్ట నేనూ చూడలేదబ్బాయ్. కంపెనీ చేతికి వచ్చినప్పుడే లేదది."

"మరి దినామూ చెప్తివి గదా?"

"ఎవరో ఒకరు చంపినట్టు తేలకపోతే జనం ఇళ్లకు పోరు."

"నువ్వే చంపినట్టు చెప్పేదెందుకు?"

"ఇంకొకరి మీద పెడితే నమ్మడం లేదు," అన్నాడు.

లోపలి తలుపు సందున ఆమె కొంగు చెరగు కదలకుండా కనిపించింది. వింటున్నది. 'ఎవరిని' అని ఎందుకు అడిగాడు? ఆ ముక్క నన్ను ఇప్పటికీ వదల్లేదు.

కొద్దిరోజులకే గుండ్లకమ్మ ఏటి ఇసుకలో ఒక మగమనిషి శవం దొరికింది. ఈ ప్రాంతం మనిషి కాదు, ఎవరూ గుర్తుపట్టలేదు. పోలీసు హెడ్డు వచ్చి, కొత్తగా వచ్చినవాళ్లు ఎవరున్నారని అడిగాడు. అందరి వేళ్లూ పలకల కొట్టం వైపు తిరిగాయి. పరాయివాడి భార్యను తెచ్చాడు, చంపానని జనం ముందర తనే ఒప్పుకున్నాడు, కాబట్టి ఆ శవం ఆమె మొగుడిదే. ఇంత పొందికగా కథ అల్లడం కర్రాయనకు కూడా చేతకాదు.

చావడి ముందర పట్టపగలు విచారణ పెట్టారు. ఒక కుర్చీలో హెడ్డు, పక్క కుర్చీలో పెన్షను పెద్దాయన. ఈ పెద్దాయన మద్రాసులో ఉద్యోగం చేసి వచ్చినవాడు. అక్కడి హాళ్లలో ఇట్లాంటి బొమ్మలు ఎన్నో చూశానని అరుగు మీద కూర్చుని చెప్పుకునేవాడు. బొమ్మ అంటే ఏమిటో, పక్కన నిలబడి చెప్పేవాడి పనేమిటో ఆ గుంపులో అందరికంటే బాగా తెలిసినవాడు. ఒక్క ముక్క చెబితే అయిపోయేది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. డేరాలో ఇసుక అందరికీ ఒకటే ఇసుక. మా వాళ్లు ముందుగా వచ్చి ముందర కూర్చుంటే ఆయనగారి ఇంటివాళ్లు మా వెనక కూర్చోవలసి వచ్చింది. ఆ డేరా పీకించాలని మొదటినుంచీ కాచుకుని ఉన్నాడు. ఆయన చచ్చి ఎన్నేళ్లయినా ఆ మౌనాన్ని నేను క్షమించను. తెలియనివాడి మాట ఒక మనిషిని ఉరికొయ్యదాకా ఈడ్చుకుపోతుంటే, తెలిసినవాడు తమలపాకుకు సున్నం రాసుకుంటూ కూర్చున్నాడు.

హెడ్డు మా నాయనను పిలిచాడు.

"ఏం పెద్దోడా, నువ్వు అబద్ధం చెప్పవంట గదా. వీడు చంపినానని చెప్పినాడా, లేదా?"

"చెప్పినాడు దొరా. అందరి ముందర నిలబడి చెప్పినాడు."

నేను అడ్డంపడ్డాను. "అది బొమ్మలో కత దొరా. తెల్లోళ్ల కత."

"నువ్వెవడివిరా?"

"ఆయన కొడుకును."

"నాయన సాక్ష్యమంటాడు, కొడుకు కతంటాడు. ఏదీ, ఆ బొమ్మ చూపించు."

ఎక్కడుంది చూపించడానికి? నంద్యాల అవతల ఎక్కడో ఉంది. కర్రాయన చేతిలో కర్ర కూడా లేదు, కనిస్టీబు లాక్కున్నాడు. నాయన వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"అయ్యా, మీరు తెరను చూశారా, నన్ను చూశారా?"

"నిన్నే. సాక్ష్యం చెప్పేటోణ్ని చూస్తాం గానీ వాని ఎనక గోడను చూస్తామా?"

గుంపులో కొందరు నవ్వారు. పెన్షను పెద్దాయన కూడా నవ్వాడు.

"ఆమె నీకు ఏమైతాది?" అన్నాడు హెడ్డు.

మాటలు చెప్పి బతికిన మనిషి గుంపు వెనక నిలబడ్డ ఆమె వైపు చూశాడు.

"పెండ్లామేనా?"

తల అడ్డంగా ఊపబోయాడు. నిలువుగా ఊపబోయాడు. రెండూ కాకుండా ఆపేశాడు. హెడ్డు కనిస్టీబు వైపు చూసి, "బేడీలు వేయరా," అన్నాడు.

అప్పుడు మూగామె మాట్లాడింది.

గుంపు వెనకనుంచి వచ్చి నాయన పక్కన నిలబడింది, మా గుడిలో సాక్ష్యం చెప్పేవాళ్లలాగే చేతులు ముందుకు కట్టుకుని. మా అమ్మ ఒక ఆదివారం ఆమెను గుడికి తీసుకుపోయింది. అక్కడ చూసి ఉంటుంది.

"నా భర్త," అని ఆగిపోయింది. గొంతు పట్టుకుంది. మళ్లీ మొదలుపెట్టింది. "నా భర్త జ్వరంతో పోయారు. ఎప్పుడో. నేను చిన్నదాన్ని. మా అత్తవారు నన్ను వెనకగదిలో..." ఆ మాట పూర్తి చేయలేకపోయింది. తలమీద కొంగు తీసింది. జుట్టు వేలెడంత కూడా లేదు. ఇప్పుడిప్పుడే మొలుస్తున్నది. "ఈయన మా వీధికి కథలు చెప్పడానికి వచ్చారు. నన్ను ఎక్కడికైనా తీసుకుపొమ్మని నేనే అడిగాను. ఈయన ఎవర్నీ చంపలేదు. చంపడానికి నాకు భర్త మిగిలి లేరు."

ఆ మాటతో ఆమె ఏం పోగొట్టుకుందో అక్కడ అందరికీ తెలుసు. ఇక ఏ ఊళ్లోనూ ఆమెకు నీడ దొరకదు. ఈ కబురు రైలు కంటే ముందు ఆమె అత్తవారిని చేరుతుంది. అంతవరకూ నోరు విప్పని పెన్షను పెద్దాయనకు ఇప్పుడు నోరు వచ్చింది.

"మొగుడు పోయినదానికి బొట్టా? ఇట్లాంటిదాన్ని ఊళ్లో పెట్టుకుంటే వానలు పడతాయా?"

హెడ్డు ఆయన్ని పట్టించుకోలేదు. మా నాయననే చూస్తున్నాడు. "ఏం పెద్దోడా, అదీ సాక్ష్యమే, ఇదీ సాక్ష్యమేనా? దేన్ని నమ్మాల?"

నాయన నేలచూపులు చూశాడు. ఆమె వైపు చూశాడు. కర్రాయన చేతుల వైపు చూశాడు.

"ముందర నేను చెప్పింది తప్పు దొరా. ఆయన చెప్పింది సాక్ష్యం కాదు. సాక్ష్యం చెప్పేటోడికి గొంతు పెగలదు. ఆయనకు నీళ్లు పారినట్లు పారింది. నేను అప్పుడు కనిపెట్టలేకపోయినా. ఈ యమ్మ చెప్పింది సాక్ష్యం."

"నీ మాట మీద వదిలిపెడితే, రేపు తప్పని తేలితే?"

"నన్ను కట్టేసుకోని పో."

హెడ్డు కర్ర తిరిగి ఇప్పించి, మర్నాటి బండికి ఇద్దరూ తాలూకా దాటిపోవాలని చెప్పాడు.

హార్మోనియం నేను మోశాను. స్టేషనులో వాళ్లను నంద్యాల పోయే బండిలో కూర్చోబెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాను. గాలికి ఆమె కొంగు జారింది. ఎదురు బల్లమీద కూర్చున్న గిద్దలూరు పెద్దామె ఆ తల చూసి, "ఏం మా, గుండు కొట్టించుకుంటివి?" అన్నది.

"తిరుపతి మొక్కండీ," అన్నది ఆమె, నవ్వుతూ. "మావారికి పెద్ద జబ్బు చేసింది. బతికి బయటపడితే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను."

గొంతు ఎక్కడా ఆగలేదు. నాయన లెక్కన చూస్తే ఇదే కథ, చావడి ముందర చెప్పిందే నిజం. కానీ తడబడడం కూడా నేర్చుకుంటే వస్తుంది కదా. ఆటాటకూ కర్రాయనకు ఎదురుగా కూర్చున్న మనిషి ఆమె. ఆమె నిజంగా వితంతువేనా? ఇసుకలో దొరికినవాడు ఎవరు?

కర్రాయన నా మొహం చదివినట్టున్నాడు. కిటికీలోంచి వంగి, "మీ నాన్నగారు మమ్మల్ని నమ్మారా అబ్బాయ్?" అన్నాడు.

"నమ్మినాడు గాబట్టే గదా మీరు బండెక్కింది."

ఏదో చెప్పబోయాడు. ఆమె ఆయన మోచేయి తాకింది. ఆగిపోయాడు. బండి కదిలింది.

మళ్లీ వాళ్లను నేను చూడలేదు. ఆ శవం ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. నాయన మాత్రం ఆ తర్వాత ఏ తగాదాకూ సాక్షిగా పోలేదు. గనివాళ్లు పిలవడానికి వస్తే నడుము నొప్పి అనేవాడు. నాకు తెలిసి ఆయనకు నడుము నొప్పి లేదు.

ఆ రోజు స్టేషను నుంచి నేను తిరిగివచ్చేసరికి పొద్దు వాలుతున్నది. నాయన గనిలో ఒక్కడే కూర్చుని రాయి చీలుస్తున్నాడు. బండిలో ఆమె చెప్పిందంతా ఒక్క ముక్క పోకుండా చెప్పాను. ఆయన ఉలిని పొర సందులో పెట్టి, మెల్లగా తట్టి, పలకను విడదీశాడు.

"బండి కదిలిందా?"

"కదిలింది."

"కనిస్టీబులు ఎవరూ ఎక్కలేదు గదా?"

"లేదు. నాయనా, నేను చెప్పేది ఇంటన్నావా? చావడి కాడ నువ్వు నిజంగానే నమ్మినావా?"

ఆయన పలకను ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. పగులు లేదు. దొంతి మీద పెట్టి, ఇంకో రాయి ముందుకు లాక్కున్నాడు.

"ఇప్పటికి గిద్దలూరు దాటుంటారులే," అన్నాడు.